ఆది తేని రైక

వనపర్తి కొత్త బస్టాండు రోడ్డులో మొదటి అంతస్తు మీద ఒక బోర్డు ఉంది. సుహాసిని కల్యాణ వేదిక. ఎర్రటి అక్షరాలు, అటొకటి ఇటొకటి పూలదండలు, పొద్దుగూకితే లోపల దీపాలు. బస్సు దిగిన మనిషి ఎవరైనా సరే, దాన్ని చదవకుండా పోవడం కష్టం. చదువుతారు, పోతారు. మెట్లెక్కి పైకి మాత్రం ఎవరూ రారు. నీళ్ల క్యాన్ వేసే మనిషి ఒకడు వస్తాడు. అద్దెకు గది దొరుకుతుందా అని అడగను ఇంకొకతను వచ్చాడు. సుహాసిని అతనికి ఏసీ వేసి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అమ్మాయి ఏం చదివిందని అడిగింది. పాపం అతను కంగారుపడి దిగిపోయాడు.

సుహాసినిది ఆత్మకూరు పక్క రైతుల ఇల్లు. తండ్రికి పక్షవాతం వచ్చి మంచాన పడితే ఆయన సేవలో కొన్నేళ్లు పోయాయి, ఆ తర్వాత తల్లి సేవలో మరికొన్ని పోయాయి. తిరిగి చూసుకునేసరికి నలభై దాటింది. పెళ్లి సంగతి అడిగేవాళ్లు అడగడం మానేశారు. "పెండ్లిళ్లు కుదిర్చెదానికి పెండ్లి కాకపోవుడేంది?" అని ఎవరైనా నోరు జారితే, "వండేటామె అందరు లేసినంకనే తింటది గదా" అని నవ్వేసేది. తల్లి కూడా పోయాక వనపర్తిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఒక్కతే మిగిలింది. ఇంట్లో మాట్లాడడానికి టీవీ తప్ప ఏం లేదు. అది కూడా ఈమె మాట వినిపించుకోదు.

అయినా ఆమెకు ఒంటరితనం తెలిసేది కాదు. ఎందుకంటే పగలంతా ఆమె జమీలాబీ దగ్గర ఉండేది.

జమీలాబీ ఆడవాళ్ల బట్టలు కుట్టే దర్జీ. గాంధీచౌక్ వెనక సందులో ఆమెకు చిన్న మడిగె, ఒక్క గది కొట్టు. భర్త మస్తాన్ పోయాక అతని కాలి మిషన్ మీదే బతుకు లాక్కొచ్చింది. రైక కుట్టించుకోను పోయిన సుహాసిని, అక్కడ బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లను మాటల్లో పెట్టి, ఒకామె కొడుక్కి ఇంకొకామె బిడ్డను ముడిపెట్టి లేచింది. జమీలాబీ కత్తెర పక్కన పెట్టి, "నీకు ఇదే మంచిగున్నది. ఆ మూలకు ఒక మేజా ఏసుకో" అంది. అట్లా మొదలైన పని. ఒకే మడిగెలో ఇటు మిషన్, అటు పెళ్లిళ్లు. మధ్యలో కొలతలు తీసుకునే చోట ఒక పూల పరదా.

హోటల్ నుంచి వచ్చే ఒక్క చాయ్ ఇద్దరూ చెరి సగం తాగేవాళ్లు. రంజాన్ ఉపవాసాల నెలలో, రోజా ఉన్న జమీలాబీ ముందు చాయ్ తాగడం సుహాసినికి మనసొప్పేది కాదు. "నీకేం రోజా ఉన్నది, తాగవే" అని ఆమె కసిరినా వినకుండా తనూ మానుకునేది. సంబంధం కుదిరిన ఇంటివాళ్లు పెళ్లి రైకలన్నీ జమీలాబీకే ఇచ్చేవాళ్లు. గద్వాల నుంచి, నాగర్‌కర్నూలు నుంచి కూడా మనుషులు ఆ సందు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

వచ్చినవాళ్లను జమీలాబీ మొదట అడిగే మాట ఒకటే: "ఆది తెచ్చిన్రా?" ఆది అంటే కొలతకు ఇచ్చే పాత రైక. అది ఉంటే పని క్షణంలో అయిపోతుంది, గుడ్డ ఇచ్చి పోవచ్చు. లేదంటే జమీలాబీ గడ్డంతో మూలకు చూపేది. "అయితే టేపు పెట్టాలె, జర సేపు పడ్తది. ఆడ కూసోండ్రి." ఆ కూర్చునే చోటు సుహాసిని మేజా పక్కనే. మాటలో మాట వచ్చి, గొంతు తగ్గి, "మా అమ్మాయొకతి ఉన్నది..." దాకా వచ్చేది. పెళ్లి కావలసిన పిల్లలున్న తల్లులకు ఇంత మతిమరుపేమిటో, ఒక్కతీ ఆది తేదు అని సుహాసిని నవ్వుకునేది. అంతకు మించి ఆలోచించలేదు.

ఆ గొంతులు తగ్గిన సమయంలోనే మిషన్ మోత ఎక్కువయ్యేది. అదొక్కటే ఆమెకు చిరాకు. సరిగ్గా అసలు మాట వచ్చేసరికి టకటకటక. వచ్చినామె చెవిలో నోరు పెట్టి చెప్పాల్సి వచ్చేది.

ఒకసారి నాగర్‌కర్నూలు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. రిటైరైన ఇంజనీరు, కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. ఆయన మడిగెలోకి తొంగి చూసి, వేలాడుతున్న లంగాలను చూసి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. "మీకు ఆఫీసు లేదామ్మా?" అన్నాడు. అనడమే కాదు, జాలిగా అన్నాడు. ఆ జాలి సుహాసినికి అన్నం సహించకుండా చేసింది.

అప్పటికి కొత్త బస్టాండు ఎదురుగా లక్ష్మణ్ అనే ఆయన కాంప్లెక్స్ కట్టి, పైగదులు అద్దెకిస్తున్నాడు. సుహాసిని పోయి చూసింది. అద్దాల తలుపు, తెల్లటి గోడలు, మిషన్ మోత లేదు. కావలసినంత చాటు. ఇక్కడైతే ఆడపిల్ల తల్లి గుండె విప్పి మాట్లాడుతుంది అనుకుంది. మళ్లీ మడిగెకు వచ్చి సగం చాయ్ తాగుతుంటే, ఇదొదిలి ఎట్లా పోతాననిపించింది. అటూ ఇటూ ఊగింది. జమీలాబీని ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు, ఆ పెద్దమనిషి మళ్లీ ఫోన్ చేసినప్పుడు మిషన్ పక్కనే నిలబడి గట్టిగా చెప్పింది.

"అవును సార్, ఆఫీసు తీసుకుంటున్న. ఈడ నలుగురి చెవులుంటయి. గుట్టు నిలువది."

మిషన్ ఆగింది. ఆ చెవుల్లో జమీలాబీవీ ఉన్నాయని సుహాసినికి మాట నోరు దాటాక గానీ తట్టలేదు. జమీలాబీ దారం కొస కొరికి, మళ్లీ సూదికి ఎక్కించింది. "మంచిది. నీ పేరు మీద బోర్డు ఉండాలె" అంది. బోర్డు కట్టిన రోజు మిఠాయి డబ్బా పంపింది గానీ తను రాలేదు.

ఇక ఆఫీసు. సోఫా ఉంది, గాజు బల్ల ఉంది, వాడిపోని గులాబీలున్నాయి. మనుషులే లేరు. ఫోన్లు మాత్రం వచ్చేవి. "ఆఫీసుకు రాండ్రి, అన్ని మాట్లాడుకుందాం" అంటే, "ఆఁ వస్తం వస్తం" అనేవాళ్లు. ఎవరూ రాలేదు. నాగర్‌కర్నూలు పెద్దమనిషైనా వచ్చాడా? ఆయన కొడుకు బెంగుళూరులోనే పిల్లను చూసుకున్నాడట.

పొద్దున తాళం తీస్తే సాయంత్రం తాళం వేసేదాకా నోరు విప్పే పని ఉండేది కాదు. గోడవైపు తిరిగి టిఫిన్ డబ్బా తినేది. చాయ్ తెప్పించుకుంటే కప్పు నిండుగా వచ్చేది, సగం అయ్యాక చెయ్యి దానంతటదే ఆగిపోయేది. మిగిలిన సగం చల్లారి పైన మీగడ కట్టేది. నిశ్శబ్దం కావాలని ఏరి కోరి తెచ్చుకున్న మనిషి, ఇప్పుడు కిటికీ తెరిచి బస్టాండు మైకులో "ఆత్మకూరు, గద్వాల" అని అరుస్తుంటే అదే వింటూ కూర్చునేది. ఏడుపు వచ్చేది. ఏడిస్తే ఎవరైనా వస్తారేమోనన్న భయం కూడా లేదు కాబట్టి బాగానే ఏడ్చేది.

ఆ కిటికీలోంచే ఒకరోజు వెంకటమ్మ కనిపించింది. ఆత్మకూరు మనిషి, పెద్దబిడ్డకు సంబంధం చూసిపెట్టింది సుహాసినే. రెండో బిడ్డ కోసం వచ్చి ఉంటుంది. ఎదురుగా సోడా బండి నీడలో నిలబడి, బోర్డు వైపు చూసింది. చుట్టూ చూసింది. సుహాసిని ఆనందం పట్టలేక కిటికీలోంచి చెయ్యి ఊపి, "వెంకటమ్మా, మీదికి రా!" అని కేకేసింది. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని, తనను కాదు ఇంకెవరినో పిలుస్తున్నట్టు వెనక్కి చూసి, గబగబా నడిచి పోయింది.

సుహాసినికి తల కొట్టేసినట్టయింది. తనేం తప్పు చేసిందో అర్థం కాలేదు. వారం తిరక్కముందే సొంతూరికి పోతూ, ఆత్మకూరు మీదుగా గద్వాల పోయే బస్సులో వెంకటమ్మ పక్కసీటు ఖాళీగా కనిపిస్తే పోయి కూర్చుంది. బస్సులో ఎటూ పారిపోలేదు కదా.

"ఏంది వెంకటమ్మా, నన్ను సూసి గట్ల ఉరికినవ్?"

వెంకటమ్మ ముందూ వెనకా సీట్లు చూసి మెల్లగా చెప్పింది. "ఏమనుకోకమ్మా. నీ ఆఫీసు మంచిగున్నది. గని గా మెట్లెక్కుతుంటే బస్టాండంత నన్నే సూస్తది. వెంకటమ్మ బిడ్డకు ఇంక కుదర్లేదంట అని నేను ఇల్లు చేరకముందే ఊర్ల ఎరుకైతది. జమీలాబీ కాడికైతే రైక కుట్టించుకోను పోయొస్తున్న అంటుంటి. ఎవ్వలడుగుతరు?"

"మరి ఒక్కసారన్న ఆది తేకపోతుంటివి?"

"ఆది తెస్తే గుడ్డ ఇచ్చి ఎల్లిపోవాలె గద. తేకపోతే నీ పక్కన కూసోవచ్చు. జమీలాబీనే చెప్పింది, బిడ్డ ముచ్చట ఉంటే ఆది తేకుండ్రి అని. మా వాడకట్టుల అందరికి ఎరుకే." వెంకటమ్మ ఆమె మొహంలోకి చూసింది. "నీకు తెల్వదా?"

తెలియదు. పిల్లను చూపించాలంటే రెండు ఇళ్లవాళ్లనూ బీచుపల్లికి రప్పించేది ఈ సుహాసినే. వాళ్లూ ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చినట్టే వస్తారు, వీళ్లూ దర్శనానికి వచ్చినట్టే వస్తారు. నచ్చితే సరే, నచ్చకపోతే ఎవరి కొబ్బరికాయ వాళ్లు కొట్టుకుని పోతారు, ఆడపిల్ల మీదికి మాట రాదు. ఇంత తెలిసిన మనిషి, ఆడపిల్లల తల్లులు ఎక్కవలసిన మెట్ల మీద దీపాల బోర్డు పెట్టుకుని, ఎందుకు రావడం లేదని కిటికీలో కూర్చుంది. నలుగురి చెవులు అని ఎవరిని అన్నదో వాళ్లే ఇన్నేళ్లూ తన దగ్గరికి వచ్చే ప్రతి ఇంటి గుట్టూ కడుపులో దాచుకున్నారు. వెంకటమ్మ ఆత్మకూరులో దిగింది. సుహాసిని కూడా అక్కడే దిగవలసింది, దిగకుండా అదే సీట్లో ముడుచుకుని కూర్చుంది.

తెలిసింది కదా, పోయి చెప్పుకోవచ్చు కదా? పోలేకపోయింది. ఏ మొహంతో పోతుంది? గాంధీచౌక్ దాకా పోయి, కూరగాయలు కొనుక్కుని తిరిగొచ్చేది. మళ్లీ పోయేది. ఒంటి మనిషికి అన్ని కూరగాయలు ఎందుకని అమ్మేవాళ్లు కూడా అడిగారు.

చివరికి ఒక మధ్యాహ్నం, ముదురు ఆకుపచ్చ రైక గుడ్డ ఒకటి కొని, సంచిలో పెట్టుకుని ఆ సందులోకి తిరిగింది. తన మూలలో తన మేజా లేదు. అక్కడ జమీలాబీ చెల్లెలి కూతురు ఫర్హీన్ పికో మిషన్ పెట్టుకుని చీరల అంచులు కుడుతోంది. ఉండదని అనుకునే వచ్చింది, అయినా కాళ్లు ముందు ఆ మూలకే తిరిగాయి.

జమీలాబీ కళ్లద్దాల మీదనుంచి చూసింది. "ఏంది?"

"రైక కుట్టాలె అక్కా."

ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి సుహాసిని ఒంటి మీదికి ఎక్కిన ప్రతి రైకా ఆ చేతులు కుట్టిందే. ఆమె కొలతలు జమీలాబీకి కంఠోపాఠం.

"ఆది తెచ్చినవా?"

సుహాసిని తల అడ్డంగా ఊపింది.

జమీలాబీ మెడలోని టేపు తీసింది. "అయితే టేపు పెట్టాలె. జర సేపు పడ్తది. కూసో."

పరదా వెనక టేపు చుట్టూ తిరుగుతుంటే సుహాసిని కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. ఇంకో మనిషి చెయ్యి తనకు తగిలి ఎన్నాళ్లయిందో. "నేను గట్ల అనకుండాల్సింది అక్కా" అంది.

"చేతులు లేపు" అంది జమీలాబీ. "సన్నబడ్డవ్. తింటలేవా?"

"ఎప్పుడిస్తవ్?"

"రేపు రా."

చెప్పిన రోజుకు బట్ట ఇవ్వడంలో వనపర్తిలో జమీలాబీకి పేరు. అట్లాంటిది మర్నాడు పోతే, "కాలేదు, రేపు రా" అంది. ఆ మర్నాడూ అదే మాట. సుహాసిని బెంచీ మీద కాసేపు కూర్చునేది, చాయ్ వచ్చేది, సగం సగం తాగేవాళ్లు. ఆకుపచ్చ గుడ్డ అరలో ఇచ్చినప్పటి మడత మీదే ఉంది. "ఖాలా, నేను కట్ చెయ్యాల్నా?" అని ఫర్హీన్ చెయ్యి చాపితే, "దాన్ని ముట్టకు" అని జమీలాబీ కసిరింది.

రాత్రి ఇల్లు అట్లాగే ఖాళీగా ఉండేది. బస్టాండు రోడ్డులో బోర్డు అట్లాగే వెలిగేది. మూల మాత్రం తిరిగి రాదని సుహాసినికి అర్థమైంది. ఈ బెంచీ కూడా ఆకుపచ్చ గుడ్డను కత్తిరించేదాకానే అనుకుంది.

అట్లాంటి ఒక సాయంత్రం, మానవపాడు నుంచి వచ్చానంటూ ఒక తల్లి చెమటలు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. చేతిలో చిన్న సంచి.

"ఆది తెచ్చిన్రా?" అంది జమీలాబీ.

"లేదమ్మా, మర్చిపోయిన."

జమీలాబీ గడ్డం మూలకు తిరగబోయి, ఆగి, బెంచీ వైపు తిరిగింది. "అయితే జర సేపు పడ్తది. అగో, ఆమె సుత రైక కోసమే కూసున్నది. పక్కన కూసోండ్రి."

సుహాసిని కొంచెం జరిగి చోటిచ్చింది. వచ్చినామె కాసేపు ఎండల గురించి, బస్సుల గురించి మాట్లాడింది. తర్వాత గొంతు తగ్గించి, "మా అమ్మాయొకతి ఉన్నదమ్మా..." అంది.

టకటకటక మిషన్ మోగింది. సుహాసిని తలెత్తి చూసింది. మూలలో కూర్చున్నన్ని ఏళ్లూ మిషన్ వెనకవైపే కనిపించేది, బెంచీ మీదనుంచి ఎదురుగా కనిపిస్తోంది. జమీలాబీ వీళ్ల వైపు చూడకుండా, తల వంచుకుని, గట్టిగా తొక్కుతోంది. సూదికి దారం లేదు. కింద గుడ్డ లేదు.