పాఠాల బండ

రాజరాజేశ్వరికి అసూయ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. మంచి మనిషే, అది వేరే సంగతి. పక్క ఫ్లాటువాళ్లు కారు మార్చినా, సొంత చెల్లెలు కోకాపేటలో ఆకాశానికి దగ్గరగా ఇల్లు కొనుక్కున్నా ఆవిడ మొహంలో ఏ మార్పూ రాలేదు. గృహప్రవేశానికి వెళ్లి, తృప్తిగా భోంచేసి, పెట్టిన చీర తీసుకుని వచ్చింది. ఆవిడకు కడుపు మండింది ఒక్కదానికే. తను చెప్పే కథను ఇంకొకరు చెప్పడం మొదలుపెట్టారు. అదీ తనకంటే బాగా.

ఆ కథ ఆవిడ పనిచేసే యూనివర్సిటీ కథ. గచ్చిబౌలి దాటి ఔటర్ రింగు రోడ్డు వైపు వెళుతుంటే కనబడే పెద్ద ప్రైవేటు యూనివర్సిటీ అది. సీటు వచ్చిందంటే చుట్టాలందరికీ ఫోన్లు వెళతాయి, రాలేదంటే ఆ ఇంట్లో వారం పాటు ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఇప్పుడక్కడ అద్దాల లైబ్రరీ, ఈతకొలను, ఏ వేళప్పుడు వెళ్లినా దోసె దొరికే క్యాంటీన్లు ఉన్నాయి. ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకు పిల్లలు బ్యాటరీ స్కూటర్ల మీద తిరుగుతారు. పాతికేళ్ల కిందట రెండు రేకుల షెడ్లు, ఒక నీళ్ల ట్యాంకరు ఉండేవి. మిగతాదంతా బండలే. తణుకు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన రాజరాజేశ్వరి ఆ షెడ్డులో టైపిస్టుగా చేరింది. భర్త సీతారామయ్యది నీటిపారుదల శాఖలో ఉద్యోగం, ఇల్లు మదీనాగూడలో. వైస్ చాన్సలర్లు మారారు, రిజిస్ట్రార్లు మారారు, మొదట్లో పాఠాలు చెప్పినవాళ్లు ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. ఆవిడ మాత్రం అడ్మిషన్ల ఆఫీసులో పాతుకుపోయింది.

అడ్మిషన్ల రోజుల్లో పిల్లల్ని వెంటేసుకుని వచ్చే తల్లిదండ్రులకు క్యాంపస్ తిప్పి చూపించేది ఆవిడే. ఆ పని ఎవరూ అప్పజెప్పలేదు. మొదట్లో దారి తెలిసిన మనిషి ఆవిడొక్కతే కాబట్టి వెంట వెళ్లింది, తర్వాత అదే అలవాటయింది. కొంగు నడుముకు దోపుకుని, గొడుగు వేసుకుని ముందు నడిచేది. ప్లేస్‌మెంట్ల గురించీ హాస్టల్లో ఏసీల గురించీ అడిగేవాళ్లను "వస్తున్నానండి, ఆ సంగతికే వస్తున్నాను" అంటూ లాక్కెళ్లి, చివరకు లైబ్రరీ వెనక ఒక పెద్ద బండ దగ్గర ఆపేది. మొదటి బ్యాచ్ పిల్లలకు రేకుల వేడికి మాడు పగిలిపోతుంటే, లెక్కల మేస్టారు వాళ్లను బండ మీదికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, చెరువు గాలిలో పాఠం చెప్పిన వైనం అక్కడ చెప్పేది. చెప్పేటప్పుడు ఒక చోట ఆవిడ గొంతు కొద్దిగా వణికేది. ఏసీ గురించి అడిగిన తండ్రే వంగి బండను ముట్టుకుని కళ్లకద్దుకునేవాడు.

రెండేళ్ల కిందట రసజ్ఞ వచ్చింది. మూసాపేట పిల్ల. ఇదే యూనివర్సిటీలో చదివి, ఇక్కడే ప్రచార విభాగంలో ఉద్యోగం తెచ్చుకుంది. కొన్నాళ్లు రాజరాజేశ్వరి వెనకే తిరిగి కథ మొత్తం పట్టేసింది. నేర్పడం కూడా మనస్ఫూర్తిగానే నేర్పింది ఆవిడ, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో చెప్పి మరీ. తర్వాత ఒకరోజు మోకాలు నొప్పిగా ఉందని ఆఫీసులోనే ఉండిపోయి, కిటికీలోంచి చూసింది. రసజ్ఞ పిల్లలందరినీ బండ ఎక్కించి కూర్చోబెట్టింది. తను కింద నిలబడి, లెక్కల మేస్టారిలా గాలిలో చేత్తో లెక్క రాస్తూ కథ చెబుతోంది. తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు.

పిల్లల్ని బండ మీద కూర్చోబెట్టాలని ఇన్నేళ్లలో తనకెందుకు తట్టలేదు? ఆ ప్రశ్న రాజరాజేశ్వరిని కుదురుగా కూర్చోనివ్వలేదు. పైగా ఆ పిల్ల హిందీలో అడిగితే హిందీలో, ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులో చెప్పేస్తోంది. వీడియోలు ఊరంతా తిరిగాయి. వచ్చినవాళ్లు కౌంటర్ దగ్గరే "వీడియోలో అమ్మాయి ఉందాండి?" అని అడగడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండా యాజమాన్యం ఆ బండ ముందు 'పాఠాల బండ' అని ఇత్తడి ఫలకం పెట్టించింది. తను గొంతు చించుకున్నన్నాళ్లు దాని ముందు చెత్తబుట్ట కూడా పెట్టించనివాళ్లు! మోకాలు నయమైంది కానీ తిప్పి చూపించే పని ఆవిడకు తిరిగి రాలేదు. ఆ పిల్లకు డబ్బాలో ఇడ్లీలు తేవడం మానేసింది. జుట్టు విరబోసుకుంటుందనీ, ప్యాంటు జేబులో చేతులు పెట్టుకుని మేస్టారి కథ చెబుతుందనీ వంకలు పెట్టింది. రసజ్ఞ మాత్రం ఎదురుపడ్డప్పుడల్లా నవ్వుతూ పలకరించేది. అది పుండు మీద కారం చల్లినట్టుండేది.

"కథ నీదే కదా రాజీ, ఎవరు చెబితే ఏం?" అన్నాడు సీతారామయ్య ఒకసారి, భోజనాల దగ్గర.

"మీరు రిటైరయ్యాక మీ కుర్చీలో కూర్చున్నాయన్ని ఇప్పటికీ తిడుతున్నారు. నాకు చెప్పొచ్చారు" అందావిడ. ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

ఈ మంట ఇలా ఉండగా రజతోత్సవం వచ్చింది. మొదటి బ్యాచ్ వాళ్లు వస్తున్నారన్నారు. వాళ్లకు క్యాంపస్ తిప్పి చూపించేది తనేనని రాజరాజేశ్వరికి ఏ మూలా అనుమానం లేదు. జ్వరాలొస్తే వాళ్లకు తన డబ్బాలో చారన్నం పెట్టింది, ఇంటి మీద బెంగ పెట్టుకుంటే ఓదార్చింది. పట్టుచీరకు కొత్త ఫాల్ కూడా కుట్టించింది. రిజిస్ట్రార్ ఓబులేసు పిలుస్తున్నారంటే సంబరంగా వెళ్లింది. ఆయన ఎంతో మర్యాదగా, ఆ పని రసజ్ఞ చూసుకుంటుందనీ, పెద్దవారు ఎండలో తిరగడం ఎందుకనీ, బండ దగ్గర అందరికీ టీ అందేలా చూస్తే చాలనీ చెప్పాడు. ఆవిడ సరేనండి అనేసి వచ్చింది.

మర్నాడు పొద్దున పోపు వేస్తుండగా తట్టింది. మొదటి బ్యాచ్ వాళ్లు ఆ బండను గుర్తుపట్టరు. ఎలా గుర్తుపడతారు, అది ఆ బండ కాదు కదా.

అసలు బండ ఇప్పుడు ఆడిటోరియం ఉన్న చోట ఉండేది. ఆడిటోరియం కట్టేటప్పుడు దాన్ని పేల్చేశారు. మే నెల మిట్టమధ్యాహ్నం, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎర్రజెండాలు పాతి, విజిళ్లు ఊది, జనాన్ని దూరంగా తరిమారు. ఎండకు గొడుగు పట్టుకుని రాజరాజేశ్వరి గేటు దగ్గర నిలబడి చూసింది. ఆ కొత్తలో ఒకరోజు కథ చెప్పి ఆపగానే, ఒక అమ్మాయి ఏదీ ఆ బండ అని అడిగింది. పేల్చేశామమ్మా అనడానికి ఆవిడకు నోరు రాలేదు. లైబ్రరీ వెనక ఉన్నదాన్ని చూపించింది. మర్నాడూ దాన్నే చూపించింది. కాదని చెప్పగలిగిన పాతవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చెప్పగా చెప్పగా ఆవిడే ఆ సంగతి మరిచిపోయింది.

పోపు మాడిపోయింది. ముందు భయమేసింది. ఆ వెనకే సంతోషం వచ్చింది. ఎందుకంటే ఇప్పుడు వాళ్ల ముందు తల దించుకోవలసింది తను కాదు, రసజ్ఞ.

అదే రోజు రసజ్ఞ ఆవిడ టేబుల్ దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. "మేడమ్, మొదటి బ్యాచోళ్ల ముందర చెప్పాలంటే జర భయమైతుంది. నేను చెప్పేదాంట్ల ఏమన్న తప్పుంటే ఇప్పుడే చెప్పండి, మార్చుకుంట" అంది.

రాజరాజేశ్వరి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "తప్పులేం లేవమ్మా. ఎప్పుడూ చెప్పినట్టే చెప్పు" అంది.

అలా అన్నందుకు ఆవిడకు సిగ్గేసింది. కానీ ఉన్నమాట చెప్పుకోవాలి, సిగ్గు కంటే సంతోషమే ఎక్కువగా కలిగింది.

రజతోత్సవం నాడు పట్టుచీర కట్టుకుని టీ ఫ్లాస్కుల పక్కన నిలబడింది. పొట్టలు పెరిగి, జుట్టు పలచబడి, మొదటి బ్యాచ్ వాళ్లు వచ్చారు. కప్పులు అందుకుని థాంక్స్ అన్నారే కానీ, ఇచ్చిన మనిషి మొహం చూసినవాళ్లు లేరు. రసజ్ఞ వాళ్లను కూడా బండ ఎక్కించింది. కంపెనీలు నడిపేవాళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఎక్కి కూర్చున్నారు. ఇది ఆ బండ కాదని ఎవరంటారా అని రాజరాజేశ్వరి చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. పైగా ఒకాయన, ఈ పగులులోనే తన పెన్ను పడిపోయిందని వేలు పెట్టి చూపించాడు. ఇంకొకావిడ, తన చోటు ఎప్పుడూ ఈ అంచునేనని చెప్పి కళ్లు తుడుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. రాజరాజేశ్వరికి ఒళ్లు మండిపోయింది. అబద్ధం తనదైతే, చప్పట్లు ఆ పిల్లకా?

అప్పుడు జాషువా అనే ఆయన బండ మీద లేచి నిలబడ్డాడు. ఇప్పుడు బెంగళూరులో ప్రొఫెసరు. మెల్లగా నాలుగు వైపులా తిరిగి చూశాడు.

"ఇది మన బండ కాదు. మన బండ మీద కూర్చుంటే చెరువు కనబడేది" అన్నాడు. "ఇది పల్లంలో ఉంది. ఆ భవనాలు లేకపోయినా ఇక్కణ్ణుంచి చెరువు కనబడదు."

పెన్ను పడిపోయిందన్నాయన పగులులోంచి వేలు తీసేశాడు. ఓబులేసు ఫలకం వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. రసజ్ఞ చూపు నేరుగా వచ్చి రాజరాజేశ్వరి మీద ఆగింది. మొన్న ఆవిడ కళ్లజోడు ఎందుకు తుడుచుకుందో ఆ పిల్లకు అర్థమైపోయింది. ఇప్పుడు చెబుతుంది, ఈ మేడమే నేర్పిందని అందరి ముందూ చెబుతుంది అనుకుంది రాజరాజేశ్వరి.

"తప్పు నాది సార్" అంది రసజ్ఞ. "రాజరాజేశ్వరి మేడమ్ మంచిగనే నేర్పిండ్రు. నేనే వేరే బండ అనుకున్న. ఫలకం గూడ నా మాట మీదనే పెట్టిండ్రు."

తప్పు ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలి, ఎంత మంచి పిల్ల అని గుంపులో గుసగుసలాడుకున్నారు. కళ్లు తుడుచుకున్నావిడ బండ దిగి వచ్చి రసజ్ఞ భుజం నిమిరింది. అదిగో, అక్కడ రాజరాజేశ్వరి ఓర్పు తెగిపోయింది. కథ తీసుకుంది. తిప్పి చూపించే పని తీసుకుంది. ఇప్పుడు తను చేసిన తప్పు కూడా తీసుకుని దాంతోనూ పేరు కొట్టేస్తోంది!

చేతిలో టీ కప్పు బల్ల మీద పెట్టి జనంలోకి వచ్చేసింది. "ఆ పిల్లకేం తెలుసండీ? నిన్నగాక మొన్న వచ్చింది. దీన్ని పాఠాల బండ చేసింది నేను" అంది.

జాషువా ఆవిడ వైపు తేరిపార చూశాడు. "రాజేశ్వరక్కా, మీరా?" అన్నాడు.

ఇక ఆవిడను ఆపడం ఎవరి తరం కాలేదు. ఎర్రజెండాలు, విజిళ్లు, మండే ఎండ, ఏదీ ఆ బండ అని అడిగిన అమ్మాయి మొహం, అన్నీ వరసగా చెప్పింది. గొంతు సరిగ్గా వణకవలసిన చోట వణికింది. పెన్ను పడిపోయిందన్నాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. తర్వాత ఆవిడే ముందు నడిచి, వాళ్లందరినీ ఆడిటోరియానికి తీసుకెళ్లింది. అసలు బండ ఉండేది ఆ స్టేజీ ఉన్న చోటేనని చెబితే, స్టేజీ ఎక్కి బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఇన్నాళ్ల తర్వాత మొదటిసారి అందరి కళ్లూ ఆవిడ మీదే ఉన్నాయి. రసజ్ఞ చివర్లో గోడకు ఆనుకుని నిలబడి, రెప్పవేయకుండా వింటోంది. పెదాలు మాత్రం కొద్దికొద్దిగా కదులుతున్నాయి. రాజరాజేశ్వరి అప్పుడే అది గమనించుకోవలసింది.

మళ్లీ అడ్మిషన్లు వచ్చాయి. ఫలకం తీయిస్తే ఎందుకు తీయించారని అందరూ అడుగుతారని ఓబులేసు దాన్ని ముట్టుకోలేదు. రసజ్ఞ ఎప్పటిలాగే పిల్లలను బండ ఎక్కించి కూర్చోబెడుతోంది. కథ మొదలు మాత్రం మారింది. "ఈ బండ మీద ఎవరూ ఎప్పుడూ పాఠం చెప్పలేదు" అని మొదలుపెడుతుంది. చున్నీ నడుముకు దోపుకుని, లేని గొడుగు పట్టుకుని, "వస్తున్నానండి, ఆ సంగతికే వస్తున్నాను" అంటూ తణుకు యాస తీస్తుంది. ఒక చిన్నపిల్ల మనసు నొప్పించలేక బండనే మార్చేసిన టైపిస్టు కథ అది. జనం పడీపడీ నవ్వుతారు. ఆఖరికి కళ్లు ఒత్తుకుంటారు. ముందు కథ కంటే ఇదే బాగుందని ఆఫీసులో అందరూ అన్నారు. కళ్లజోడు తుడుచుకుంటూ తప్పులేం లేవన్న సంగతి మాత్రం ఆ పిల్ల ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. అది కూడా రాజరాజేశ్వరికి నచ్చలేదు.

కిటికీలోంచి ఆ నవ్వులు వినబడుతూనే ఉంటాయి. ఆ కథలో ఉన్న రాజరాజేశ్వరిని చూసి అందరూ మురిసిపోతారు. ఆఫీసులో ఉన్న రాజరాజేశ్వరికి ఫొటోకాపీలు ఇచ్చి, మొహం చూడకుండా వెళ్లిపోతారు. ఇప్పుడావిడకు రసజ్ఞ ఒక్కదాని మీదే కాదు, ఆ కథలో ఉన్న ఆవిడ మీద కూడా కుళ్లే.

ఒక మధ్యాహ్నం జీడిమెట్ల నుంచి కూతురిని తీసుకుని వచ్చినావిడ కౌంటర్ దగ్గర ఆగింది. ఇంకా నవ్వు మొహంతోనే ఉంది. "మేడమ్, ఆ బండ మార్చిన మేడమ్ ఇంక ఈడనే పనిచేస్తున్నరా?" అని అడిగింది.

రాజరాజేశ్వరి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "బండ పేల్చిన రోజు వాన సంగతి చెప్పిందా ఆ అమ్మాయి?"

"వానా? లేదు మేడమ్."

"అదీ. అసలైనదే వదిలేసింది. రండి, చెబుతాను" అంటూ లేచింది. కొంగు నడుముకు దోపుకుని, మూల ఉన్న గొడుగు అందుకుని, తల్లీకూతుళ్లను వెంటబెట్టుకుని ఎండలోకి నడిచింది. బండ పేల్చిన రోజున చినుకు కూడా పడలేదు.