ఏడు జట్లు, ఐదు బుధవారాలు

మా అమ్మాయి దగ్గర నేనుంటున్న విదేశపు ఊరు డండాక్‌లో మా మనవరాలు చదివిన కాలేజీ ఆడే వాలీబాల్ లీగ్‌లో మొదట ఆరు జట్లే ఉండేవి. ఇక్కడ కాలేజీ ఆటలన్నీ బుధవారం మధ్యాహ్నాలే. ఐదు బుధవారాల్లో ప్రతి జట్టూ మిగతా ఐదింటితోనూ ఆడేది. ఆ తర్వాత పరీక్షలు. కిందటేడు ఏడో కాలేజీ చేరింది. బుధవారాలు మాత్రం పెరగలేదు.

మనవరాలు కెప్టెన్. చదువుకి అదే ఆఖరి ఏడు. షెడ్యూలు ఫోన్‌లో చూపించింది.

"మీకు నాలుగు మ్యాచ్‌లేనా? ఆ లెటర్‌కెన్నీ కాలేజీ వాళ్లకి ఐదెట్టా వచ్చాయే?"

"ఆడ్ నంబర్ కదా తాతయ్యా. ఎవ్రీ వీక్ ఒక టీమ్‌కి రెస్ట్. ఇట్స్ గ్రాండ్, ఏం పర్లేదు."

"ఏం గ్రాండు? ఫైనల్‌కి ఎవరెళతారు?"

"ఎక్కువ గెలిచిన టూ టీమ్స్."

"ఆడని మ్యాచ్ ఎట్టా గెలుస్తారే?"

మనవరాలు షెడ్యూలు మళ్లీ పైనించి కిందిదాకా జరిపి చూసింది.

నా కోపానికి కారణం ఉంది. ఆ తప్పు ఒకప్పుడు నేనే చేశాను. గుంటూరులో నేను పనిచేసిన జూట్ మిల్లులో ఏటా వాలీబాల్ పోటీలు జరిగేవి. ఏడు జట్లొచ్చిన సంవత్సరం, కంటికి తోచినట్టు పట్టిక రాశాను. బేళ్లు మోసేవాళ్ల జట్టుకి రెండు రోజులు ఖాళీ వచ్చింది, ఒక్క గెలుపు తేడాతో కప్పు పోయింది. "లెక్క రానోడికి ఈ పని ఎవుడిచ్చాడ్రా?" అని వాళ్ల కెప్టెన్ అందరి ముందూ అడిగాడు. ఎనిమిదో తరగతితో చదువాపిన నేను ఆ వారమంతా గ్లాసులు పేర్చుకుని లెక్క నేర్చుకున్నాను.

ఆ పద్ధతే ఇక్కడా పనికొచ్చింది. బల్ల మీద జట్టుకొకటి చొప్పున ఏడు టీ కప్పులు, బోర్లించిన ఎనిమిదో కప్పు. నాలుగేసి ఎదురెదురుగా పేరిస్తే ఎదురెదురు జట్లకి ఒక విడత మ్యాచ్‌లు; తర్వాతి విడతకి ఒకదాన్ని కదపకుండా మిగతావి గుండ్రంగా జరపాలి. బోర్లించిన కప్పుకి ఎదురొచ్చిన జట్టుకి ఆ విడత ఖాళీ. ఏడు విడతలయ్యేసరికి అందరికీ సమానంగా ఆరు మ్యాచ్‌లు.

ఆసుపత్రి డ్యూటీ నించి వచ్చిన మా అమ్మాయి బల్ల చూసి, "నాన్నా, నేను టీ దోసిట్లో తాగనా?" అంది.

ఐదు బుధవారాల్లో ఏడు విడతలు పట్టాలంటే రెండు బుధవారాలు రెండేసి విడతలు ఆడాలి. ఆ రెండు రోజులూ అందరికీ నడిమధ్యనున్న ములింగార్‌లో పెట్టమని రాసి, మనవరాలి చేత లీగ్ వాళ్లకి పంపించాను. హాళ్లు బుక్ అయిపోయాయి, వచ్చే ఏడు చూస్తామని జవాబొచ్చింది. వచ్చే ఏడు ఈ పిల్ల ఎక్కడుంటుందని ఒకరూ ఆలోచించలేదు.

మనవరాలి జట్టు నాలుగాడి మూడు గెలిచింది. లెటర్‌కెన్నీ ఐదాడి నాలుగు గెలిచి, రెండో స్థానంలో ఫైనల్‌కి వెళ్లింది. మావాళ్లది మూడో స్థానం.

ఈ ఏటి షెడ్యూలు పోయిన వారం వచ్చింది. ఉద్యోగంలో చేరిన మనవరాలు పాత స్నేహితుల దగ్గర తీసుకుని నాకు పంపింది. ములింగార్‌లో రెండు బుధవారాలు, రెండేసి విడతలు. అయినా కప్పులు తీసి మొదటి నించి చివరిదాకా సరిచూశాను. ఏ జట్టుకీ రెండుసార్లు ఖాళీ రాలేదు.