బియ్యం డ్రమ్ములో నా కుడిచేయి

దయ్యాల సంగతి ఎవరు చెప్పబోయినా నేను ముందుగా అడిగేవి రెండే. ఏ రోజు? ఎన్నింటికి? అక్కడ తడబడితే ఇక వినను. సువార్తల్లో దయ్యాలను వెళ్లగొట్టిన సంగతులు చిన్నప్పటి నుంచి చదువుతున్నదాన్నే. అయినా అవి ఆ కాలంలో, ఆ దేశంలో జరిగినవనీ, మన బెజవాడలో మనిషిని భయపెట్టడానికి మే నెల ఎండ చాలుననీ అనుకునేదాన్ని.

ఇది 1999 మే 15, శనివారం మధ్యాహ్నం రెండు దాటాక నాకే జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అర్థం కాని చోట అర్థం కాలేదనే రాస్తాను.

అప్పటికి నేను ఇరిగేషన్ ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్ నుంచి రిటైరై ఏడాది దాటింది. మా ఆయనకు ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది. మేము వెళ్లే చర్చి కూడా ఆ చుట్టుపక్కలే, ఒక వెనక వీధిలో. చిన్న చర్చి. గోడకు ఆనుకుని లారీలు బాగుచేసే షెడ్డు. కరెంటు పోతే ఆ షెడ్డువాళ్ల జనరేటర్ మోతలో పాస్టరుగారి ప్రసంగం కూడా మునిగిపోయేది.

మా చర్చి ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. అన్నం వండబోయే ముందు, కొలుచుకున్న బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. అది దేవుడి గుప్పెడు. నెల మొదటి ఆదివారం ఎవరి డబ్బా వాళ్లు తెచ్చి, చర్చి పక్కగదిలో ఉన్న పెద్ద రేకు డ్రమ్ములో పోస్తాం. ఆ బియ్యం దిక్కులేని ముసలివాళ్లకు పంచుతారు. స్త్రీల సమాజం తరఫున ఆ డ్రమ్ము బాధ్యత నాది.

నేను మాత్రం గుప్పెడు తీసేదాన్ని కాదు. మా అమ్మ ఇచ్చిన చిన్న ఇత్తడి గిద్దతో కొలిచి, పైన వేలితో చదును చేసి వేసేదాన్ని. చేయి తడిగా ఉంటే గింజలు ఎక్కువ అంటుకుంటాయి. మనసు బాగోని రోజు పిడికిలి చిన్నదవుతుంది. దేవుడికి రోజుకో రకంగా ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది. అదే నమ్మకంగా ఉండటమని అనుకున్నాను.

స్త్రీల సమాజంలో నాతో పాటు ఉండే సుశీలమ్మ ఈ సంగతి తెలిసి పడీపడీ నవ్వింది. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను వదినా అని పిలిచేది.

"గుప్పెడంటే గిద్దెడా వదినా? రేపు పరలోకంలో కూడా గుమ్మం దగ్గర కాటా పెట్టుక్కూచుంటావు నువ్వు."

"కూచోకపోతే నువ్వు మీ పుట్టింటోళ్లందర్నీ వెంటేసుకుని లోపలికొచ్చేస్తావుగా," అన్నాను.

ఆ ఏడాది శ్రమదినాల్లో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, బందరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి మాట్లాడారు. దేవుణ్ణి పూర్ణహృదయంతో వెదకాలన్నారు. ఎన్నోసార్లు విన్న మాటే. ఆ రోజు మాత్రం అది నాకు అడ్డంగా నిలబడింది. పూర్ణం అంటే ఎంత? ఆఫీసులో అయితే చెప్పగలిగేదాన్ని. రావలసినదంతా వచ్చి, ఇంకేమీ మిగలకపోతే పూర్ణం. నా హృదయంలో ఎంత దేవుడికి వెళ్లింది, ఎంత నా దగ్గర మిగిలింది అని చూసుకుంటే నాకే తెలియలేదు.

ఆరాధన తప్పలేదు. రాబడిలో దేవుడికిచ్చే దశమభాగం తప్పలేదు. శుక్రవారం ఉపవాసం తప్పలేదు. ప్రార్థనలో మోకరిస్తే రోగులు, విధవరాళ్లు, పరీక్షలు రాసే పిల్లలు, పాస్టరుగారి కుటుంబం, అందరూ వరసగా వచ్చేవాళ్లు. చివర ఆమేన్ వచ్చేది. ఆయన మాత్రం రాలేదు. పక్కన సుశీలమ్మ మొదటి మాటకే వెక్కివెక్కి ఏడ్చేది. నా కళ్లు పొడిగా ఉండేవి. సొంత ఇంట్లోనే ఒక గదిలో పెట్టి బయట గొళ్లెం వేసినట్టుండేది నాకు. లోపల అన్నీ ఉన్నాయి, బయటికి దారి లేదు.

అప్పటి నుంచి ప్రార్థన చివర ఒక మాట చేర్చుకున్నాను. "ప్రభువా, నన్ను పట్టుకో. వదలొద్దు." ఈ మాట గుర్తుంచుకోండి.

ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి స్త్రీల ప్రార్థన కూటం. ఎండాకాలం బియ్యానికి పురుగు పడుతుందని, రెండు దాటగానే వేపాకు పట్టుకుని చర్చికి వెళ్లాను. చెప్పులు ఎప్పటిలాగే ముందు గుమ్మం దగ్గర విడిచాను. పక్కగదికి తలుపు పక్క సందులోంచి. కిటికీ లేదు. పైన ఉన్న చిన్న వెంటిలేటర్‌కు పావురాలు రాకుండా అట్ట కొట్టేశారు. లైటు వేసుకుని, డ్రమ్ము మూత తీసి, వేపాకు దూస్తూ కూర్చున్నాను.

కరెంటు పోయింది. పక్క షెడ్డులో జనరేటర్ మొదలైంది. కాసేపటికి ఓరగా ఉన్న తలుపును ఎవరో దగ్గరికి లాగారు, బయట గడియ పడింది. మా వాచ్‌మన్ దానియేలుకి గదిలో చీకటి కనపడింది, ముందు గుమ్మం దగ్గర ఉన్న నా చెప్పులు కనపడలేదు. తలుపు మరిచిపోయి తీసి ఉంచామనుకుని గడియ పెట్టి భోజనానికి వెళ్లిపోయాడు.

తలుపు బాదాను. అరిచాను. జనరేటర్ మోతలో నా గొంతు నాకే సరిగా వినపడలేదు. రేకుల కప్పు. వేడి తల మీద కూర్చున్నట్టుంది. చీర తడిసి ఒంటికి అతుక్కుపోయింది. గాలి ఉన్నా పీల్చలేకపోతున్నట్టు అనిపించింది. అరిచి అరిచి అలిసిపోయాక గోడ పట్టుకుని డ్రమ్ము దాకా వచ్చి, అలవాటు ప్రకారం ప్రార్థన మొదలుపెట్టాను. రోగుల దగ్గర మొదలైంది. విధవరాళ్ల దగ్గర ఆగిపోయింది. తరువాత ఎవరో గుర్తు రాలేదు. ఏ మాటా రాలేదు.

బియ్యం లోపల చల్లగా ఉంటుందని వండే ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఆ చల్లదనం కోసమే డ్రమ్ము మీద వంగి కుడిచేయి బియ్యంలోకి దూర్చాను. మోచేయి దాటి, ఇంకా కిందికి. ప్రాణం లేచి వచ్చినట్టయింది. పిడికిలి విప్పి చేయి అలాగే ఉంచాను.

ఎవరో నా చేయి పట్టుకున్నారు.

ఏదో తగిలింది అనడం లేదు. పట్టుకున్నారు అనే అంటున్నాను. అరచేతికి అరచేయి ఆనింది. నాలుగు వేళ్లు ఒక పక్క నుంచి చుట్టుకున్నాయి, బొటనవేలు నా చేతి వెనక ఒత్తుకుంది. చుట్టూ బియ్యం చల్లగా ఉంది, ఆ చేయి వెచ్చగా ఉంది. ఎలుకో, గోనెపట్టాయో, నా చేయే తిమ్మిరెక్కిందో అని ఆ క్షణంలోనే ఆలోచించాను. కానీ నా వేళ్ల కొసలకు ఆ మణికట్టు దగ్గర నాడి కొట్టుకోవడం తగులుతోంది. నా గుండె దడదడలాడుతోంది. ఆ నాడి నింపాదిగా ఉంది.

లాగాను. రాలేదు. అది నొక్కలేదు, వదల్లేదు. రెండో చేత్తో డ్రమ్ము అంచు పట్టుకుని బలమంతా పెట్టి లాగాను. డ్రమ్ము కదిలింది కానీ చేయి రాలేదు. చెంప రేకు అంచుకు ఒత్తుకుపోయి, ఆ చీకట్లో, ఆ వేడిలో వంగి ఉండిపోయాను. బయట తలుపుకు గడియ, లోపల ఈ చేయి.

చిన్నప్పుడు నేర్పిన మాట నోటికి వచ్చింది. "యేసు నామంలో పో!" అని అరిచాను. మళ్లీ అరిచాను. ఆ నామానికి దయ్యం నిలవదని మాకు నేర్పారు.

అది పోలేదు. బొటనవేలు మాత్రం నా చేతి మీద ఒకసారి మెల్లగా కదిలింది. ఏడుస్తున్న పిల్లల చేయి నిమిరినట్టు.

అప్పుడే నేను ఎక్కువ భయపడ్డాను. "వదులు ప్రభువా, వదిలెయ్యి, నీకు దణ్ణం పెడతాను" అన్నాను. ఎవరిని అడుగుతున్నానో ఆలోచించి అన్న మాట కాదు. నోట్లోంచి వచ్చేసింది.

వదిలింది. తోసినట్టు కాదు, విసురుగా కాదు. ఒక్కొక్క వేలే విడిచింది.

ఎంతసేపు పట్టుకుందో చెప్పలేను. వాచీ ఎడమచేతికే ఉంది, చీకట్లో కనపడలేదు. మిగతావన్నీ సమయంతో సహా చెప్పగలిగిన నేను ఇది ఒక్కటి చెప్పలేకపోతున్నాను. కరెంటు వచ్చేసరికి గోడకు ఆనుకుని నేల మీద ఉన్నాను. కూటానికి వచ్చిన సుశీలమ్మ ముందు గుమ్మం దగ్గర నా చెప్పులు చూసి, నేను ఎక్కడా కనపడక, దానియేలుని పిలిచి గది తీయించింది.

"అయ్యో అమ్మగారూ, మీరు లోపలున్నారని నాకు తెలవదండీ," అని దానియేలు తల బాదుకున్నాడు.

"డ్రమ్ము ఒంపండి," అన్నాను. నీళ్లు కూడా అడగకుండా.

"ఎండదెబ్బ వదినా, ముందు ఇట్రా, కూచో," అంది సుశీలమ్మ.

ఒంపితే గానీ కదలనన్నాను. పట్టా పరిచి బియ్యమంతా పోశారు. నేనే ఎడమచేత్తో కెలికి చూశాను. పాత వేపాకు ఉంది. పురుగులు ఉన్నాయి. డ్రమ్ము అడుగున రంధ్రం కూడా లేదు.

అప్పుడు సుశీలమ్మ నా చేయి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. మోచేయి నుంచి వేళ్ల దాకా, బియ్యం ఒత్తుకుని గింజల అచ్చులు గుంటలు గుంటలుగా పడి ఉన్నాయి. అరచేతిలో, ఆ నాలుగు వేళ్లు చుట్టుకున్న పక్క దాకా, ఒక్క గింజ అచ్చు లేదు. చేతి వెనక కూడా ఒకచోట, బొటనవేలంత మేర, నున్నగా ఉంది. తిమ్మిరికీ ఎండదెబ్బకీ ఈ రెండు చోట్లూ ఎలా తెలిశాయో నేటికీ నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

కూటం అయ్యాక సుశీలమ్మతో అంతా చెప్పాను, నా ప్రార్థన మాటతో సహా. ఆమె నా అరచేయి మళ్లీ తిప్పి చూసింది. చివరికి అంది, "పాస్టరుగారి దాకా పోనీకు వదినా. ఆదివారం అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పమంటారు. పట్టుకున్నాడని చెబితే బానే ఉంటది. వదలమన్నానని కూడా చెప్పాలిగా."

సాక్ష్యం చెప్పలేదు. తరువాత చాలాసార్లు ఆ గదికి ఒక్కదాన్నే వెళ్లి, లైటు ఆర్పి, తలుపు వేసుకుని డ్రమ్ములో చేయి పెట్టాను. బియ్యం చల్లగా ఉండేది. అంతే. కొన్నేళ్లకు చర్చి పెద్దది చేసినప్పుడు ఆ గది తీసేశారు. సుశీలమ్మ ఇప్పుడు లేదు. ఆ అచ్చులు దగ్గరగా చూసిన కళ్లు నావి తప్ప ఇంకేవీ లేవు.

ఇత్తడి గిద్ద అటక మీద ఉంది. ఇప్పుడు గుప్పెడే తీస్తున్నాను. ఒకరోజు ఎక్కువ వస్తుంది, ఒకరోజు తక్కువ. పొద్దున్నే బియ్యం డబ్బాలో మోచేతి దాకా చేయి పెట్టి, అడుగున పిడికిలి విప్పి కాసేపు ఉంటాను. "బియ్యంతో ముచ్చట్లయ్యాయా? ఆకలేస్తోంది," అని మా ఆయన ముందు గదిలోంచి అరుస్తారు.

ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు. అది ఏమిటో, ఎవరో నాకు తెలియదు. మళ్లీ పట్టుకుంటే ఈసారి వదలమని అడగనని ఇక్కడ రాయాలని ఉంది. కానీ ఖాయంగా తెలియనిది రాసే అలవాటు నాకు లేదు.