ఊపిరి వదలమనే గొంతు

రోజంతా కుట్టుమిషన్ ముందు కూర్చుని తొడల వెనక కండరాలు పట్టేసినాయి. వంగలేక నమాజు కుర్చీలోనే చదువుకునేదాన్ని.

నెల్లూరు ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నా మడమను తన భుజానికి ఆనించుకుని కాలు మెల్లగా పైకి లేపేది. నేను నొప్పికి బిగుసుకుపోయేదాన్ని. "బిగబట్టబాకక్కా, ఊపిరి వదులు" అంటూ ముందు తనే వదిలేది.

ఒకరోజు, "నమాజులో ఎట్టా వంగుతారో చూపించక్కా" అని నా పక్కన నిలబడి తనూ వంగింది. ఆమె మెడలోని సిలువ ముందుకు వేలాడింది. ఆ పూటే మొదటిసారి మోకాళ్లు మడవకుండా నడుము వంచగలిగినా.

తర్వాత ఆమె చెన్నైకి వెళ్లిపోయింది. ఇప్పుడు పాదానికి తువ్వాలు తగిలించి నా కాలు నేనే లాక్కుంటా. ఒక్కోసారి కావాలనే ఊపిరి బిగబడతా, వదలమని ఆ గొంతు వినిపిస్తుందేమోనని.