నేను పాయింట్ పెట్టిన బోరు

ఒక కథ రాసి, శాలువా కప్పించుకుని, ఆ గర్వంతో అమ్మ సొమ్మంతా మట్టిపాలు చేసిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి. నవ్వొస్తే నవ్వండి, మా ఊరివాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నేను కామారెడ్డిలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. బోరు వేయించిన రైతు మీద ఒక కథ రాశాను. అందులో, నీళ్లున్నచోట అరచేతిలో నిలబడే కొబ్బరికాయ అదృష్టానికి గుర్తు. భార్య కమ్మలమ్మి తెచ్చిన నోట్లు ఆశకు గుర్తు. చివర్లో నీళ్లకు బదులు లేచే తెల్లటి దుమ్ము నిరాశకు గుర్తు. సభలో పెద్దలు "ఆహా, ఏం ప్రతీకలు!" అంటూ శాలువా కప్పారు. దాంతోనే బస్సెక్కి లింగంపేట దగ్గరి మా ఊరికి వెళ్లాను. మండే ఎండాకాలం, ఒళ్లంతా చెమట. అయినా శాలువా తియ్యలేదు.

ఇంట్లో పరిస్థితి వేరు. పాత బోరు వట్టిపోయింది. పొట్టకొచ్చిన వరి ఎండుతోంది. అమ్మ ఏళ్ల తరబడి బీడీలు చుట్టి దాచుకున్న పైసలు తీసి బాపు చేతిలో పెట్టింది. అవి ఒక్క బోరుకే సరిపోతాయి.

"నీళ్లు చూసే ఎల్లయ్యను పిలుస్తున్న," అంటున్న బాపు నన్ను చూసి ఆగాడు. "గీ శాలువా ఏంది బిడ్డా?"

"కథ రాసిన బాపు. బోరు మీద."

"బోరు మీద రాస్తె శాలువా గప్పిన్రా! గట్లయితె ఎల్లయ్య ఎందుకు? పాయింట్ మనోడే పెడ్తడు!"

"కథ రాసుడు, నీళ్లు చూసుడు ఒక్కటేనా?" అంది అమ్మ.

"వీనిది ఓ పాజిటివ్ రక్తం గూడనాయె!"

ఆ రక్తం ఉన్నవాళ్లకు భూమిలో నీళ్ల జాడ తెలుస్తుందని మా వైపు గట్టి నమ్మకం లెండి. "నాకు తెల్వదు బాపు" అంటే అక్కడితో అయిపోయేది. శాలువా కప్పుకున్న నోటికి ఆ మాట ఎలా వస్తుంది?

అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని పొలంలో నడిచాను. వెనక సగం ఊరు. తూర్పు గట్టు దగ్గరికి రాగానే కాయ కదిలి నిటారుగా లేచింది. "నిలబడ్డదిరో!" అని అందరూ అరిచారు. నా బొటనవేలు కాస్త సాయం చేసిందేమోనని ఇప్పుడు అనుమానం. అప్పుడు మాత్రం నేనే గంగమ్మకు మేనల్లుణ్ణి అనుకున్నాను. అమ్మ పసుపు కుంకుమ పెట్టి, అదే కాయ అక్కడ కొట్టింది.

బోరు బండి వచ్చింది. వంద అడుగులు, దుమ్ము. రెండు వందలు, దుమ్ము. మూడు వందలు దాటింది, ఇంకా దుమ్మే. అందరం పిండి గిర్నీలోంచి బయటికొచ్చిన వాళ్లలా తయారయ్యాం. అమ్మ ఏడుస్తోంది. భూమి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. రంధ్రమైతే సిద్ధంగానే ఉంది, కానీ అందులో నేను పట్టను.

బాపు మెల్లగా దగ్గరికొచ్చాడు. "బిడ్డా, నీ కథల ఎన్ని ఫీట్లకు పడ్డయిరా నీళ్లు?"

"పడలే బాపు."

"ఏందీ?"

"కథల గూడ దుమ్మే లేసింది."

బాపు తువ్వాలతో మొహం మీది దుమ్ము దులుపుకున్నాడు. "గీ ముచ్చట ముందుగాల చెప్తె ఎల్లయ్యనే పిలుస్తుంటిమి గదరా!"

బండి డ్రైవరు పక్కున నవ్వాడు. తర్వాత బాపు, కళ్లు తుడుచుకుంటూ అమ్మ. ఆ నవ్వుకు వరి పచ్చబడలేదు. కోసి బర్రెలకు వేశాం. కథలో నేను ఒక్క వాక్యంతో లేపిన దుమ్ము, పొలంలో అమ్మ బీడీల కష్టమంతా మింగి లేచింది. ఆ సంగతి ఏ సభలోనూ చెప్పలేకపోయాను.

కాబట్టి పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కథల్లో ఏ రైతు బోరు వేసినా రెండు వందల అడుగుల లోపే నీళ్లు పడి తీరతాయి. పెద్దలు శాలువా కప్పకపోతే పోనీ. రాసేది నేనే అయినప్పుడు, నీళ్ల దగ్గర కూడా పిసినారితనం దేనికి?