స్లివర్ అంటే రెండు వేళ్ల మందం

గురువారం పొద్దున్న పది దాటిన ఐదు నిమిషాలకు వినిఫ్రెడ్ ఓకెన్‌షా ఆ రోజు తొలి ‘స్లివర్’ కోసింది. ఇంగ్లిషువాళ్ల లెక్కలో ఆ మాటకు చెక్కపేడంత పలుచని ముక్క అని అర్థం. వినిఫ్రెడ్ కోసిన కేకు ముక్క రెండు వేళ్ల మందం ఉంది.

“అయ్యో, ఇంతా! నేనడిగింది పిసరంతే కదా!” అంది మాంసం కొట్టు మేరియన్, ప్లేటును రెండు చేతులా లాక్కుంటూ.

“కత్తి జారింది తల్లీ. ఎలాగో తినేసెయ్.”

ఆ కత్తి ఇరవై రెండేళ్లుగా ప్రతి గురువారం జారుతూనే ఉంది. యార్క్‌షైర్‌లోని ఆ చిన్న ఊళ్లో, చాపెల్ హాల్లో కాఫీకి చేరేవాళ్లెవరూ కేకు కావాలని నోరు తెరిచి అడగరు. అరగంట ముందే వచ్చి వరుసలో నిలబడతారు. బల్ల దగ్గరికి రాగానే కేకు జోలికే పోని సన్యాసుల్లా మొహం పెట్టి ‘స్లివర్’ అంటారు. అంటే మామూలు ముక్క. ‘స్మిడ్జెన్’, అంటే చిటికెడు, అన్నారంటే దానికన్నా పెద్దది. ‘ఒక్క క్రంబ్ చాలు’, అంటే పొడి రాలినంత చాలు, అన్నారంటే ఆ మనిషి పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మాట ఎంత చిన్నదైతే ముక్క అంత పెద్దది కావాలి. ఇది ఎక్కడా రాసి లేదు. కోసేవాళ్లకు తెలియాలి, అంతే.

వినిఫ్రెడ్‌కు డెబ్బై మూడేళ్లు. బడిలో ముప్పై ఒక్క ఏళ్లు మధ్యాహ్న భోజనం వడ్డించింది. ఈ విద్య అక్కడ అబ్బింది కాదు, పిల్లలు ఆకలేస్తే ఆకలనే అంటారు. ఒక ఆదివారం ఆమె భర్త సిరిల్ గుండెల్లో రవ్వంత మంటగా ఉందన్నాడు. రవ్వంతే కదా అని ఆమె సోడా కలిపి ఇచ్చింది. సాయంత్రానికి పోయాడు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఎవరు చిన్న మాట అన్నా ఆమె దాన్ని చిన్నదిగా తీసుకోలేదు.

ఈ వసంతంలో హాలు కమిటీకి క్లైవ్ పార్స్‌లో కార్యదర్శి అయ్యాడు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరయిన మనిషి. గ్లాసులో బీరు వేలెడు తగ్గినా పబ్బుకు నోటీసు ఇచ్చి వచ్చినవాడు. రెండు గురువారాలు వినిఫ్రెడ్ కోత చూసి ఆయనకు నిద్ర పట్టలేదు. మీకు ఎంత కేకు కావాలి అని ఒక ఫారం పంచాడు. నలభై ఒక్క మంది నింపారు. నలభై ఒక్క మందీ ‘చాలా కొంచెం’ అనే రాశారు.

“చూశారా వినిఫ్రెడ్ గారూ? ఇన్నేళ్లూ మీరు జనానికి బలవంతంగా తినిపిస్తున్నారు.”

“బలవంతమా! ప్లేట్లు నాకి మరీ ఇస్తారు నాయనా.”

“అది మర్యాద కొద్దీ చేస్తున్నారు,” అన్నాడు క్లైవ్.

గోడకు పట్టిక ఎక్కింది. స్లివర్ ముప్పై గ్రాములు, స్మిడ్జెన్ ఇరవై, క్రంబ్ ఐదు. బల్ల మీదికి కాటా వచ్చింది. నెల రోజులు కత్తి క్లైవ్ చేతిలో ఉంటుంది. పద్ధతి బాగుందనిపిస్తే అది శాశ్వతంగా ఆయనది, అంట్ల తొట్టి వినిఫ్రెడ్‌ది. ఆ నెలంతా ఆమె ఎడం చేత్తో టీ పోస్తూ, ఖాళీగా ఉన్న కుడి చేతిని ఏప్రాన్ జేబులో పెట్టుకుంది.

మొదటి గురువారం మేరియన్ ఎప్పటిలాగే స్లివర్ అంది. క్లైవ్ తూచి ఇచ్చిన ముక్కలోంచి ప్లేటు మీది నీలం పువ్వులు కనబడుతున్నాయి.

“ఆహా, సరిగ్గా ఇంతే కావాలి,” అంది మేరియన్. ఒక్క గుటకలో మింగి కోటు కోసం వెతుక్కుంది.

క్లైవ్ నోటుబుక్కులో ‘ఫిర్యాదులు: సున్నా’ అని రాసుకున్నాడు. రెండో వారం ఇరవై తొమ్మిది మందే వచ్చారు. మిగతావాళ్లకు పంటి డాక్టరు, కాళ్ల నొప్పులు. మూడో వారం పద్దెనిమిది. ఎదురుగా కాథలిక్కుల హాల్లో కుర్చీలు చాలక పైనుంచి దింపుతున్నారు.

“ఏమంటారు?” అని క్లైవ్ వినిఫ్రెడ్‌ను అడిగాడు.

“కాస్త పలుచబడ్డట్టుంది.”

‘స్వల్ప తగ్గుదల’ అని ఆయన రాసుకున్నాడు.

నాలుగో వారం కమిటీ కూర్చుంది. పాస్టరు ఫిలిప్పా గార్‌సైడ్ ఇంగ్లండు దక్షిణాది నుంచి కొత్తగా వచ్చిన మనిషి, మంచిది, ఈ ఊరి మాటల లెక్క ఇంకా తెలియదు. “వినిఫ్రెడ్ గారూ, దాచుకోకుండా చెప్పండి. కత్తి మళ్లీ మీకు కావాలా?” అని సూటిగా అడిగింది.

ఈ ప్రశ్న కోసమే వినిఫ్రెడ్ వారం రోజులు వంటింట్లో కెటిల్ ముందు నిలబడి జవాబు సాధన చేసింది. కావాలి అంటే చాలు. కానీ ఆ ఊళ్లో పది మందిలో అలా అడిగినవాళ్లు లేరు.

“ఆఁ... ఇస్తే కాదనను. ఏదో, ఒక స్మిడ్జెన్ ఇష్టమే,” అంది.

మేరియన్‌కు అర్థమైంది. వెంటనే అండగా నిలబడింది కూడా. “నాకూ కొంచెం అలాగే అనిపిస్తోందేమో,” అంది నేల చూస్తూ.

క్లైవ్ తలెత్తి పట్టిక వంక చూశాడు. వినిఫ్రెడ్ గారి ఆసక్తి స్వల్పం, మేరియన్ గారి అభిప్రాయం అస్పష్టం అని మినిట్స్‌లో రాశాడు. కత్తి ఇక శాశ్వతంగా క్లైవ్‌దే అన్నదానికి వినిఫ్రెడ్ సహా అందరూ చెయ్యెత్తారు. తీర్మానం ఏకగ్రీవం.

మరుసటి గురువారం వినిఫ్రెడ్ తొమ్మిది ప్లేట్లు కడిగింది.