అల్లుడి సెంటులో నీళ్లు

మా అల్లుడు రత్నకుమార్‌కి సెంటు పిచ్చి. ఈ మాట అతని మొహం మీదే అంటాను, అతను నవ్వి ఊరుకుంటాడు. తాగడు, సిగరెట్ ముట్టడు, గట్టిగా నాలుగు మాటలు మాట్లాడడు. కానీ పొద్దున్నే మెడకి రెండుసార్లు, ఎడమ మణికట్టుకి ఒకసారి చిమ్ముకోనిదే గడప దాటడు. లిమరిక్‌లో ఒక వృద్ధాశ్రమంలో కేరర్ పని. "ముసలివాళ్లని లేపి, కడిగి, తినిపించే ఉద్యోగానికి ఈ పెళ్లికొడుకు సోకు దేనికే?" అని మా రోజీని అడిగాను. అది నర్సు, నా కూతురు, నాకంటే కోపిష్ఠిది. "ఊరుకో అమ్మా" అంది.

తర్వాత తెలిసింది. ఐర్లండ్ వచ్చిన మొదటి చలికాలం, ఉన్న ఒక్క కోటూ వంటగదిలో తగిలించేవాడట. ఓ రోజు బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ లేచి వేరే సీటులోకి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో ఎవరికి తెలుసు! ఇతను మాత్రం తన కోటుకి పట్టిన తాలింపు వాసనే అనుకున్నాడు. తర్వాతి స్టాపులోనే దిగిపోయి, మందుల షాపులో ఆ బుడ్డి కొన్నాడు. ఐదేళ్లుగా అదే రకం.

ఆ వాసన సంగతి నన్నడగండి. మొదటి పది నిమిషాలు దగ్గరికెళ్తే తుమ్మొస్తుంది. మిరియాలు దంచుతున్న రోట్లో బత్తాయి తొక్క గిల్లినట్టుంటుంది. ఆ ఘాటు తగ్గాక అల్లం, యాలకులు, వెనకాల కాస్త పుదీనా చల్లదనం. పనిలో గంటకి పదిసార్లు చేతులు కడగాలి కాబట్టి మణికట్టు మీదది తొందరగా పోతుంది. మెడ మీదది మధ్యాహ్నం దాకా ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కాలరుకి పాత చెక్కపెట్టె తెరిచినట్టు ఒక వాసన మిగులుతుంది. ఆ చివరిది నాకూ నచ్చేది. పైకి ఒప్పుకోలేదంతే.

ఆ ఆశ్రమంలో మిసెస్ కాన్సిడైన్ అని తొంభై ఒక్కేళ్ల ఆవిడ ఉంది. చూపు లేదు. కరోనాతో మాస్కులు, ఏప్రన్లు వచ్చాక ఎవరి గొంతూ సరిగ్గా తెలియక, ఒంటి మీద చెయ్యి పడితే చాలు కేకలు పెట్టేదట. ఇతని వాసన తగిలితేనే నెమ్మదించి, చెంచాకి నోరు తెరిచేది. "మిరియాల అబ్బాయి వచ్చాడు" అనేదట.

నేను చీరాలలో ముప్పై ఏళ్లు టీచరుగా చేసి రిటైరైన దేవకుమారిని. 2020 ఫిబ్రవరిలో రెండు నెలలకని వచ్చి, విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకున్నాను. నాకు షుగరు, పైన ఉబ్బసం. టీవీలో ఆ రోజు ఎంతమంది పోయారో చెప్పే వేళకి నా పైప్రాణాలు పైనే పోయేవి. వాసన తెలియకపోతే అదే జబ్బు కావచ్చని అప్పుడప్పుడే అంటున్నారు. అందుకని అల్లుడు రోజూ పనికి బయల్దేరేముందు గుమ్మం దగ్గర మణికట్టు ముక్కుకి పెట్టుకుని "గ్రాండ్" అనేవాడు, ఇక్కడివాళ్ల మాటలో బాగుందని. ఆ మాట విన్నాకే మేం తలుపు తీసేవాళ్లం.

ఇక నా నిర్వాకం. ఏప్రిల్లో ఇంట్లో శానిటైజర్ అయిపోయింది. షాపుల్లో లేదు. స్పిరిట్ ఉన్నది ఏదైనా పనికొస్తుందని మా చర్చి వాళ్ల వాట్సాప్‌లో వచ్చింది. అల్లుడి సెంటు బుడ్డి మీద చదివితే ఆల్కహాల్ అని రాసి ఉంది! ఇంకేం, వాళ్లిద్దరూ డ్యూటీకి వెళ్లగానే గుడ్డ మీద చిమ్మి తలుపుల పిడులు, కుళాయిలు, పాల డబ్బాలు, ఆఖరికి ఉల్లిపాయలు కూడా తుడిచాను. కిటికీలు బార్లా తెరిచి, సాయంత్రానికి వాసన పోగొట్టేదాన్ని. నాలుగు రోజుల్లో బుడ్డి ఖాళీ. చివరి చుక్క కూడా పోకూడదని మర మూత తిప్పి, నీళ్లు పోసి కుదిపి, ఆ నీళ్లతోనూ గడియలు తుడిచాను. ఆదివారం సాయంత్రం, ఏం చెప్పాలో తోచక, కుళాయి నీళ్లు నింపి యథాస్థానంలో పెట్టేశాను. అడిగినప్పుడు చెప్దాంలే అనుకున్నాను.

సోమవారం పొద్దున మెట్ల మీద నిలబడి బిక్కుబిక్కుమంటూ చూశాను. మెడకి, మణికట్టుకి చిమ్ముకున్నాడు. మణికట్టు పీల్చాడు.

"గ్రాండ్. ఇవాళ మిరియం ఘాటు భలే ఉందత్తయ్యగారూ" అని వెళ్లిపోయాడు.

హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. ఎంత బుద్ధిలేనిదాన్నో!

సాయంత్రం వచ్చినవాడు కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు.

"మిసెస్ కాన్సిడైన్‌కి వాసన పోయిందత్తయ్యగారూ. మంచం పక్కనే నిలబడితే, ఎవరు నువ్వు, నీ ఒంటి మీద ఏ వాసనా లేదు అంటుంది. నేనే వెళ్లి నర్సుకి చెప్పాను. టెస్టుకి పంపించి, గదిలో పెట్టి తలుపేసేశారు. చూపు లేని మనిషి... నేను వచ్చేస్తుంటే లోపల్నుంచి అరుస్తానే ఉంది" అని ఏడ్చేశాడు.

అయ్యో ప్రభువా, నావల్ల ఆ పెద్దావిడని గదిలో వేశారే అని నోరు తెరిచాను. మాట సగంలోనే ఆగిపోయింది. నీళ్లలో ఇతనికి మిరియం ఘాటు ఎక్కణ్ణుంచి వచ్చింది?

అతని కంచం పక్కకి జరిపాను.

"బాబూ, ఆ బుడ్డిలో ఉన్నవి నీళ్లు."

"ఏంటమ్మా నువ్వనేది?" అంది రోజీ.

"సెంటంతా నేనే తలుపులకి తుడిచేశాను. కడిగేసి కుళాయి నీళ్లు పోశాను. తిట్టుకుంటే తర్వాత తిట్టుకోండి."

రోజీ తిట్టలేదు. నర్సు కదా, దానికప్పుడే అర్థమైపోయింది.

"కాదత్తయ్యగారూ, పొద్దున నాకు వచ్చింది" అన్నాడతను చిన్నగా.

"ఐదేళ్లు రోజూ పీల్చారు కదా బాబూ. అలవాటు కొద్దీ వచ్చుంటుంది."

రోజీ లేచి, ఇక్కడివాళ్లు ప్రెస్ అనే సామాన్ల అలమారా తలుపు తీసి, నేను తెచ్చిన ఆవకాయ జాడీ పట్టుకొచ్చింది. అతన్ని కళ్లు మూసుకోమని ముక్కు కింద మూత తీసింది. బల్లకి ఇవతల నాకు గొంతులోకి కొట్టింది ఆ ఘాటు. అతను గట్టిగా పీల్చాడు, మళ్లీ పీల్చాడు.

"ఏం పెట్టావు రోజీ? ఇవీ నీళ్లేనా?" అన్నాడు.

అప్పటికప్పుడు ఆశ్రమానికి ఫోన్ చేసి చెప్పాడు. మూడో రోజుకి అతనికి ఉందని తేలింది. చిన్న గదిలో తలుపేసుకున్నాడు. మేమిద్దరం ఇల్లు కదల్లేదు. నాకు భయం లేదంటే అబద్ధం. దగ్గొచ్చిన ప్రతిసారీ ఇదే నా ఆఖరి ప్రార్థన అనుకున్నాను. గుమ్మం దగ్గర కంచం పెడితే లోపల్నుంచి అతనిది ఒకటే మాట. "ఆదివారం కూడా ఆవిడకి నేనే తినిపించానత్తయ్యగారూ. నోటి దగ్గర నోరు పెట్టినట్టు వంగి తినిపించాను." ఆవిడకి మొదటి టెస్టులో లేదన్నారు కానీ, ఇతనితో మెలిగింది కాబట్టి పద్నాలుగు రోజులు చూడాలన్నారు. ఫోన్ మోగితే ముగ్గురం ఎక్కడివాళ్లం అక్కడే నిలబడిపోయేవాళ్లం.

పదిహేనో రోజు మోగింది. అతను పైనుంచి సగం దిగి మెట్ల మీదే కూర్చున్నాడు. రోజీ స్పీకర్ పెట్టింది. రెండో టెస్టులోనూ లేదని చెప్పి నర్సు ఫోన్ ఆవిడకిచ్చింది. గొంతు వణుకుతోంది కానీ ఎంత కోపమో!

"గుడ్డి ముసల్ది చెబితే ఎవరు వింటారు? నా ముక్కుకేం రోగం లేదు. ఆ పిల్లాడి ఒంటి మీద ఏ వాసనా లేదని మొదటి రోజే చెప్పాను." తర్వాత గొంతు తగ్గించి అంది. "ఈసారి పూసుకుని రమ్మనండి. లేకపోతే ఎవరు ముట్టుకుంటున్నారో తెలియక భయమేస్తోంది."

కొత్త బుడ్డి నేనే తెప్పించాను. అల్లుడి జబ్బు తగ్గింది, ముక్కు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు పొద్దున్నే గుమ్మం దగ్గర మణికట్టు నా ముందు చాపుతాడు.

"ఉందా అత్తయ్యగారూ?"

వంగి పీలుస్తాను. మిరియం చురుక్కుమంటుంది. వెంటనే చెప్పను. ఇది నిజంగా వచ్చిందో, అలవాటు కొద్దీ వచ్చిందో! ప్రెస్ దగ్గరికెళ్లి ఆవకాయ జాడీ మూత కూడా తీసి చూసుకుంటాను. అప్పుడే అంటాను, "వెళ్లి రండి బాబూ" అని.